త్రాడు నేర్పెడి విలువిద్య

విలువిద్య మన సీమకు క్రొత్తది కాదు. చింతామణి తాలూకాలోని కైవారమే పూర్వము ఏకచక్రపురమనియు, లక్కయింటి నుండి తప్పించుకొని వచ్చిన పాండవులు అచ్చటనే తలదాచుకొనిరనియు, భీముడు బకాసురుని వధించినది అచ్చటనేననియు స్థలపురాణము చెప్పుచున్నది. ద్రౌపదీ స్వయంవర వార్త విని పాండవులు పాంచాల దేశమునకు బయలుదేరినది ఏకచక్రపురము నుండియే. కావున మత్స్యయంత్రమును కొట్టిన అర్జునుడు మన కైవారపు బాటవెంట నడచిపోయినవాడేనని మన పిల్లలకు కథగా చెప్పుకొనవచ్చును.

ఆ అర్జునుడు గురిని ఎట్లు సాధించెను? ఆదిపర్వములో ఒక చిన్న కథ గలదు. ఒకనాటి రాత్రి అతడు భోజనము చేయుచుండగా గాలికి దీపమారిపోయినది. చీకటిలోను చేయి తిన్నగా నోటికే పోయినది. అభ్యాసమున్నచో చేయి వెలుతురు లేకున్నను దారి తప్పదని గ్రహించి, నాటినుండి అతడు రాత్రివేళ చీకటిలో బాణములు వేయుట సాధన చేసెను. ఆ పర్వములోనిదే ఏకలవ్యుని కథ. ద్రోణుడు శిష్యునిగా స్వీకరింపకపోగా, అతడు అడవిలో మట్టితో గురుని బొమ్మను చేసికొని దాని యెదుట సాధన చేసెను.

గురి కంటియందు మాత్రమే కాక దేహమునందును కలదని మొదటి కథ చెప్పుచున్నది. సాధనమునకు ధనము ముఖ్యము కాదని రెండవది చెప్పుచున్నది. ఐతే మట్టిబొమ్మ శిష్యుని తప్పును ఎత్తి చూపజాలదు. తప్పును ఎత్తి చూపగల సాధనము నొకదానిని, నాలుగైదు మూరల త్రాడుతో ఇంటనే చేసికొను విధమును తల్లిదండ్రులకు వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

విల్లు ముందా, సాధన ముందా?

2023వ సంవత్సరమున చైనాలోని హాంగ్‌ఝౌ నగరమున జరిగిన ఆసియా క్రీడలలో విజయవాడకు చెందిన వెన్నం జ్యోతి సురేఖ కాంపౌండు విల్లు విభాగమున వ్యక్తిగత, మహిళల జట్టు, మిశ్రమ జట్టు పోటీలు మూడింటను స్వర్ణపతకములు గెలిచినది. విజయవాడ వాడేయైన బొమ్మదేవర ధీరజ్ 2024 పారిస్ ఒలింపిక్ క్రీడలలో అంకిత భకత్‌తో కూడి మిశ్రమ జట్టు పోటీలో నాల్గవ స్థానము పొందెను. ఇట్టి వార్తలను చూచిన పిల్లలు తమకును విల్లు కొనిపెట్టుమని కోరుట సహజము. పట్టుగూళ్ళ సొమ్మో, టమేటా పంట సొమ్మో చేతికి వచ్చినపుడు బిడ్డ ముచ్చట తీర్చవలెనని తండ్రి తలచుటయు సహజమే.

చిక్కు ఇచ్చటనే కలదు. "ఎట్లును పెరిగెడి పిల్లవాడు గదా, పెద్దవాడైన పిమ్మటను పనికివచ్చును" అని తండ్రి బరువైన విల్లును కొనును. పెరిగెడి బిడ్డకు చొక్కా కొంచెము వదులుగా కుట్టించుట మంచి పొదుపే. పెరిగెడి బిడ్డకు విల్లు బరువుగా కొనుట పొదుపు గాదు. పిల్లలకు మొదట తగిన విల్లు సుమారు 10 నుండి 15 పౌండ్ల బలముతో లాగదగినదిగా నుండవలెను. 12 పౌండ్లనగా దాదాపు 5 కిలోల 400 గ్రాములు. రమారమి సగము బిందె నీళ్ళ బరువు. దానిని మూడు వ్రేళ్ళతో లాగి, వణకక నిలిపి, మెత్తగా విడువవలెను. ఒలింపిక్ క్రీడాకారులలో పురుషులు 20 కిలోలకు పైబడిన బలముతో లాగుదురు గాని, అది యేండ్ల తరబడి చేసిన సాధన యొక్క ఫలము.

శక్తికి మించిన విల్లు పట్టిన బిడ్డ భుజమును చెవిదాక ఎగదీయును; నడుమును వెనుకకు వంచును; వీపు కండరములతో లాగవలసినదానిని మణికట్టుతోను ముంజేతితోను లాగును. కొన్నినాళ్ళకు భుజము నొచ్చును. నొప్పి విశ్రాంతితో తగ్గవచ్చును గాని వంకర అలవాటు అంత సులభముగ పోదు. మొక్కగా నున్నపుడు వంగినది మానైన పిమ్మట తిన్నబడుట కష్టము. కావున మొదట దేహస్థితి, పిమ్మట విల్లు. ఈ క్రమము తారుమారైనచో సొమ్మును పోవును, బిడ్డ ఉత్సాహమును పోవును.

ఒక మిల్లీమీటరు లెక్క

దేహస్థితికి ఇంత ప్రాధాన్యమేల అని అడుగువారికి గణితమే సమాధానము చెప్పును. ఒలింపిక్ పోటీలలో 70 మీటర్ల దూరమున 122 సెంటీమీటర్ల వ్యాసము గల లక్ష్యఫలకము నిలుపబడును. దాని నడుమ పది మార్కుల వలయము యొక్క వ్యాసము 12.2 సెంటీమీటర్లు. అనగా కేంద్రము నుండి 6.1 సెంటీమీటర్లు దాటిన బాణమునకు పది మార్కులు రావు.

బాణము వెనుక కొన వ్రేళ్ళ వద్ద ఉండును. ముందు భాగము వింటిపై ఆని యుండును. ఈ రెంటి నడుమ దూరము 70 సెంటీమీటర్లని అనుకొందము. లక్ష్యము 70 మీటర్ల దూరమున కలదు. అనగా నూరు రెట్లు. పై తరగతుల విద్యార్థులు చదువు సరూప త్రిభుజముల సూత్రము ప్రకారము, వెనుక కొన ఒక మిల్లీమీటరు ప్రక్కకు జరిగినచో లక్ష్యము వద్ద బాణము నూరు మిల్లీమీటర్లు, అనగా 10 సెంటీమీటర్లు ప్రక్కకు పోవును. పది మార్కుల బాణము తొమ్మిదిలో పడును. గాలిని, బాణము ఎగురునపుడు వంగుటను ఈ లెక్కలో చేర్చలేదు. అవి కష్టమును పెంచునే గాని తగ్గింపవు.

పాఠశాల ఆవరణమున 10 మీటర్ల దూరము నుండి వేయు బిడ్డకును ఈ సూత్రమే వర్తించును. చేయి ఒకమారు గడ్డము క్రిందను, ఇంకొకమారు దానికి ఒక సెంటీమీటరు ప్రక్కను ఆగినచో, బాణము దాదాపు 14 సెంటీమీటర్లు తప్పిపోవును. "మా వానికి గురి కుదురుటలేదు, కంటి పరీక్ష చేయింపవలెనా?" అని తల్లిదండ్రులు శంకింతురు. అనేక సందర్భములలో దోషము కంటిది కాదు. చేయి ప్రతిమారు ఒకే చోటికి రాకుండుటయే దోషము.

దేహస్థితిలోని మెట్లు

కుడిచేతి వాటము గల బిడ్డకు ఈ మెట్లు వ్రాయబడినవి. ఎడమచేతి వాటము వారు తారుమారు చేసికొనవలెను.

1. నిలుకడ: ఎడమ ప్రక్క లక్ష్యము వైపునకు ఉండునట్లు నిలిచి, పాదములను భుజముల వెడల్పున ఎడముగా నుంచవలెను. బరువు రెండు పాదములపై సమముగా పడవలెను. మన పూర్వులు నిలుకడకు ఎంత విలువ ఇచ్చిరనగా, ఆలీఢము, ప్రత్యాలీఢము మున్నగు పేర్లతో దానిలో భేదములనే ఏర్పరచిరి. అగ్నిపురాణమునందలి ధనుర్వేద భాగమున ఇవి వర్ణింపబడినవి.

2. పట్టు: వింటిని పిడికిలితో బిగించి పట్టరాదు. బొటనవ్రేలి మొదట నుండు కండపై వింటి ఒత్తిడి పడవలెను. తక్కిన వ్రేళ్ళు వదులుగా నుండవలెను.

3. కొక్కెము: చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలు కొక్కెమువలె వంచి నారిని పట్టవలెను. మణికట్టు తిన్నగా నుండవలెను. ఈ పద్ధతిలో బొటనవ్రేలికి పనిలేదు. ఏకలవ్యుడు బొటనవ్రేలిని దక్షిణగా ఇచ్చినంతనే అతని నేర్పు సన్నగిల్లెనన్న కథను బట్టి, పూర్వము నారిని లాగుటలో ఆ వ్రేలికే ముఖ్యస్థానమని ఊహింపవచ్చును.

4. లాగుట: భుజములు క్రిందికి దిగియుండగా కుడి మోచేతిని వెనుకకు కొనిపోవలెను. లాగునది చేయి కాదు, వీపు అని బిడ్డకు చెప్పవలెను.

5. ఆనిక: చేయి దవుడ యెముక క్రింద ఆనవలెను. నారి గడ్డమును, ముక్కు కొనను తాకవలెను. ప్రతిమారు ఇదే చోటు.

6. విడుపు: వ్రేళ్ళను తెరువరాదు; వాని బిగువును సడలింపవలెను. నారి తానే జారిపోవును.

7. నిలుపు: బాణము లక్ష్యమును తాకువరకు దేహము కదలరాదు.

త్రాడును సిద్ధపరచు విధము

వలసినవి రెండే. మొదటిది సాగని నూలుత్రాడు గాని నైలాను త్రాడు గాని, సుమారు రెండు మీటర్లు. బట్టలారవేయు త్రాడు చాలును. రెండవది సుమారు 12 సెంటీమీటర్ల పొడవు గల వెదురు గొట్టము గాని, నీళ్ళ గొట్టపు ముక్క గాని. గొట్టము అంచులను గరుకు కాగితముతో నున్నగా రుద్దవలెను. లేనిచో చేయి గీచుకొనును, త్రాడును తెగును.

మొదట బిడ్డ రెండు చేతులను బారచాపి, ఒక చేతి నడిమివ్రేలి కొన నుండి రెండవ చేతి నడిమివ్రేలి కొనవరకు కొలువుడు. ఆ కొలతను రెండున్నరతో భాగింపుడు. 140 సెంటీమీటర్లు బార గల బిడ్డకు 56 సెంటీమీటర్లు వచ్చును. ఇది అతడు వింటిని లాగవలసిన దూరమునకు ఉజ్జాయింపు కొలత. త్రాడును గొట్టములో దూర్చి, కొనలను ముడివేసి ఉచ్చుగా చేయుడు. గొట్టము నుండి ఉచ్చు చివరి వరకు పై కొలతయే ఉండవలెను.

ఇపుడు బిడ్డను నిలువబెట్టి, గొట్టమును ఎడమచేత వింటివలె పట్టించి, ఉచ్చును కుడిచేతి మూడు వ్రేళ్ళతో లాగింపుడు. చేయి దవుడ క్రింద ఆనినపుడే త్రాడు బిగియవలెను. పొట్టిదైనచో బిడ్డ తలను ముందునకు చాచి త్రాడును కలిసికొనును. పొడవైనచో చేయి చెవి వైపునకు దాటిపోవును. ముడిని సవరించి సరిపరచుడు. సరిపడిన కొలతను తేదీతో గూడ ఒక పుస్తకమున వ్రాసి యుంచుడు. బిడ్డ పెరుగుచుండును గనుక మూడు నెలలకొకమారు మరల కొలువవలెను.

త్రాటికి బదులు సైకిలు ట్యూబు రబ్బరును వాడవచ్చునా యని కొందరికి తోచును. ఒంటరిగ సాధన చేయు పిల్లలకు అది తగదు. సాగిన రబ్బరు తెగినను, చేయి జారినను, ముఖముపైకి కొట్టును. సాగని త్రాటిలో అట్టి బలము నిలువ యుండదు.

సాధన క్రమము

త్రాడు బిగిసిన పిమ్మట బిడ్డ ఎడమచేతిని లక్ష్యము వైపునకు నొక్కుచు, కుడి మోచేతిని వెనుకకు లాగుచు, మనస్సులో ఐదు లెక్కించవలెను. త్రాడు సాగదు గనుక చేయి కదలదు. కాని వీపు కండరములు పనిచేయుట బిడ్డకు తెలిసివచ్చును. పిమ్మట వ్రేళ్ళను సడలింపవలెను. అట్లు ఆరుమార్లు చేసిన యెడల ఒక వరుస. ప్రతి విడుపునకు నడుమ పది లెక్కించునంత విశ్రాంతి వలయును. దినమునకు నాలుగు వరుసలు, అనగా ఇరువది నాలుగు విడుపులు చాలును. పది పదిహేను నిమిషముల పని. చదువునకు భంగము లేదు. నొప్పి కలిగినచో ఆ దినమునకు ఆపివేయవలెను.

మొదటి వారము అద్దము ముందర చేయింపుడు. ఒక దారమునకు రాయి కట్టి ప్రక్కన వ్రేలాడదీసినచో నిలువు రేఖ ఏర్పడును. బిడ్డ వెన్ను దానితో సమముగ నున్నదో లేదో ఇట్టే తెలియును. రెండవ వారము కన్నులు మూసికొని చేయింపుడు. చీకటిలో అర్జునుడు చేసిన సాధన ఇదియే. కన్నులు మూసినను చేయి దవుడ క్రిందికే వచ్చినపుడు దేహము పాఠము నేర్చినదని తెలిసికొనవలెను.

త్రాడు బయటపెట్టు తప్పులు

విడుపు వేళ రెండు చేతులు ఎటు పోవుచున్నవో గమనించుటయే ఈ సాధనలోని కీలకము. బాణము లేదు గనుక బిడ్డ మనస్సు మార్కులపై ఉండదు. త్రాడు వదలిన క్షణమున లోపలి బలము ఏ దిక్కున నున్నదో చేతులు ఆ దిక్కునకే పోవును.

కుడిచేయి మెడను రాచుచు చెవి క్రిందుగా వెనుకకు పోయినచో అది సరియైన విడుపు. చేయి ముఖమునకు దూరముగ ప్రక్కకు పోయినచో బిడ్డ వ్రేళ్ళతో నారిని పీకుచున్నాడన్నమాట. చేయి ఉన్నచోటనే నిలిచిపోయినచో వీపు పనిచేయుటలేదు. చేయి ముందునకు పోయినచో బిడ్డ విడుపునకు ముందే సడలిపోయినాడు. ఎడమచేయి లక్ష్యము వైపునకు కొంచెము సాగినచో మంచిది. క్రిందికి వాలినచో భుజము అలసినది. ప్రక్కకు తిరిగినచో గొట్టమును పిడికిలితో బిగించి పట్టినాడు.

ఇది చూచుటకు మీకు విలువిద్య రానక్కరలేదు. అరుగు మీద కూర్చుండిన అవ్వయైనను చూచి చెప్పవచ్చును. ఇరువది నాలుగింటిలో ఎన్ని విడుపులు సరియైనవో దినదినము పుస్తకమున వ్రాయుడు. వరుసగా రెండు వారములు ఇరువదికి తగ్గక వచ్చినపుడు బిడ్డ తేలిక వింటికి అర్హుడని భావింపవచ్చును. తప్పిన దినమున కసరుకొనవలదు. ఏ తప్పు ఎన్నిమార్లు వచ్చినదో మాత్రము చెప్పుడు.

మోచేతి పట్టీ

విల్లు చేతికి వచ్చిన పిమ్మట ఇంకొక ఉపకరణము కలదు. ఇది శిక్షకుని సమక్షముననే వాడదగినది. గట్టి గుడ్డపట్టీని కుడి మోచేతికి చుట్టి, దాని నుండి ఒక బలమైన త్రాడును నారికి తగిలింతురు. బిడ్డ వింటిని పూర్తిగా లాగి వ్రేళ్ళను సడలించినపుడు, నారి రెండు మూడు సెంటీమీటర్లు మాత్రమే ముందునకు పోయి త్రాటిచే ఆగునట్లు పొడవును అమర్తురు. బాణము తొడుగరు. వ్రేళ్ళు వదలినను వింటి బలము మోచేతిపై నిలిచియుండును. వీపుతో లాగిన బిడ్డ మోచేయి కదలదు. చేతితో లాగిన బిడ్డ మోచేయి ముందునకు గుంజబడును. పరదేశములలో ఇట్టి పట్టీలు తయారై అమ్మబడుచున్నవి. గట్టి గుడ్డతో మనమును కుట్టుకొనవచ్చును. కాని ముడి ఊడినచో బాణము లేని విల్లు ఒక్కమారుగా కొట్టుకొని విరుగవచ్చును, బిడ్డకు గాయమగును. తేలిక విల్లు, గట్టి ముడి, శిక్షకుని కన్ను, ఈ మూడును లేనిదే దీనిని తలపెట్టరాదు.

తల్లిదండ్రులకు హెచ్చరిక

విల్లు దొరకని పిల్లలు గొడుగు ఊచలతోను చీపురుపుల్లలతోను బాణములు చేసికొని ఆడుకొనుట మనకు తెలిసినదే. 1987లో రామాయణము, 1988లో మహాభారతము దూరదర్శనమున ధారావాహికలుగా ప్రారంభమైనపుడు దేశమందలి పిల్లలు ఇట్టి ఆటలు ఆడి కన్నులకు గాయములు తెచ్చుకొన్న ఉదంతములు వెలువడినవి. కన్ను పోయిన పిమ్మట ఏ వైద్యమును పూర్వపు చూపును ఈయలేకపోవచ్చును. పిల్లల కోరికను అణచినచో వారు చాటున ఆడుదురు. దానికి బదులు చేతికి త్రాడు నిచ్చినచో కోరికయు తీరును, అపాయమును ఉండదు.

త్రాటి సాధన పూర్తియైన బిడ్డకు ఖరీదైన విల్లే కావలెనని లేదు. మన దేశపు పోటీలలో వెదురు వింటితో 30, 50 మీటర్ల దూరముల నుండి వేయు భారతీయ విభాగము ప్రత్యేకముగా కలదు. గ్రామీణ బాలబాలికలకు అది తగిన ప్రవేశద్వారము.

మాతృభాషలో సాధన

తెలుగు మాధ్యమమున చదువు మన పిల్లలకు ఈ విద్యలో ఒక సౌకర్యము కలదు. విల్లు, నారి, అమ్ము, అమ్ములపొది, గురి, ఎక్కుపెట్టుట, సంధించుట అను మాటలు వారు పద్యములలోను కథలలోను వినియున్నవే. తప్పునకు పేరు తెలిసిన బిడ్డ తప్పును త్వరగా దిద్దుకొనును. "మోచేయి వాలినది", "పట్టు బిగిసినది" అని అవ్వ చెప్పిన మాట బిడ్డకు వెంటనే తగులును. రేపు ఈ బిడ్డ జిల్లా పోటీలకు పోయినపుడు కన్నడమున శిక్షకుడు చెప్పు మాటలును పరాయివి కావు. మన విల్లు వారి బిల్లు. మన అమ్ము వారి అంబు. గురి ఇద్దరికిని గురియే. తెలుగు కన్నడములు రెంటను రచనలు చేసిన కైవార నారాయణ యోగి నడచిన నేలపై ఇది వింత గాదు.

కావున తల్లిదండ్రులకు మనవి యేమనగా, విల్లు ఎచ్చట దొరకును, వెల యెంత అని విచారించుటకు ముందు, బిడ్డ బారను కొలువుడు. త్రాడును ముడివేయుడు. మూడు నెలలు పుస్తకమున లెక్క వ్రాయుడు. అప్పటికిని బిడ్డ ఆసక్తి తగ్గనిచో విల్లు కొనుడు. ఆ సొమ్ము వృథా కాదు. ఆసక్తి తగ్గినచో పోయినది ఒక త్రాడు మాత్రమే. దానిపై బట్టలారవేసికొనవచ్చును.